లెన్సుల పెట్టె రాలేదు, పొద్దున్నే షూటింగ్: ఏం చేయాలి?

నలుగురం ఏడు పెట్టెలతో డాక్యుమెంటరీ తీయడానికి పరాయి దేశంలో దిగాం. బెల్టు మీదికి ఐదే వచ్చాయి. రానివి లెన్సుల పెట్టె, ట్రైపాడ్. మర్నాడు ఆరింటికి షూట్. బెల్టు ఆగిపోయాక కూడా దానివంకే చూస్తూ నిలబడ్డాం. ఆలోగా బ్యాగేజీ కౌంటర్ దగ్గర పెద్ద క్యూ తయారైంది.

అందుకే ఒకరు బెల్టు దగ్గరుంటే ఇంకొకరు వెంటనే వెళ్లి లైన్లో నిలబడాలి. మూడో మనిషి ఓవర్‌సైజ్ సామాన్లు వచ్చే చోటు చూసి రావాలి. ట్రైపాడ్లు తరచుగా అక్కడే తేలతాయి.

కౌంటర్లో పీఐఆర్ అనే రిపోర్టు (సామాను రాలేదని ఎయిర్‌లైన్ నమోదు చేసేది) రాయించకుండా బయటికి రావద్దు. విమానాలు మారి వచ్చుంటే, ఆఖరున దింపిన ఎయిర్‌లైన్ దగ్గరే రాయించాలి. పది అక్షరాల నంబరు ఇస్తారు: మూడు ఎయిర్‌పోర్టువి, రెండు ఎయిర్‌లైన్‌వి, ఆపై ఐదు అంకెలు. దాన్ని ఫొటో తీసుకోండి. "నల్ల పెట్టె" అని చెబితే లాభం లేదు, సినిమా వాళ్లవన్నీ నల్ల పెట్టెలే. మా అసిస్టెంట్ ఫోన్లో ప్రతి పెట్టె మూసిన ఫొటో, తెరిచిన ఫొటో ఉన్నాయి, అవే ఆదుకున్నాయి.

నేను చేసిన తప్పు ఇక్కడే. అడ్రస్ అడిగితే మొదటి హోటల్ ఒక్కటే రాయించాను. యూనిట్ ఒకచోట ఉండదు కదా. మేం ఖాళీ చేసిన మర్నాడు పెట్టె అక్కడికి చేరింది. ఏ తేదీన ఎక్కడుంటారో అంతా రాయించండి.

ఏటీఏ కార్నే (సుంకం కట్టకుండా సామాను తాత్కాలికంగా దేశంలోకి తెచ్చుకోడానికి జాబితాతో ఉండే కస్టమ్స్ పత్రం) మీద సామాను తెచ్చుకుంటే ఇంకో జాగ్రత్త. రాని వస్తువులు రాలేదని కస్టమ్స్ అధికారికి చెప్పి, వచ్చిన వాటి వరుస నంబర్లకే ముద్ర వేయించుకోవాలి. అన్నీ లోపలికి వచ్చినట్టు ముద్ర పడితే, తిరిగి వెళ్లేటప్పుడు లేని లెన్సుకి లెక్క చెప్పాల్సి వస్తుంది.

రాత్రికి రాత్రే అద్దెకిచ్చే వాళ్లకి ఫోన్ చేయండి. "లెన్సులు కావాలి" అంటే సరిపోదు. కెమెరా మౌంట్ (లెన్సు బిగించే చోటు) పీఎల్ రకమా ఈఎఫ్ రకమా, ట్రైపాడ్ బౌల్ (పైన హెడ్ కూర్చునే గిన్నె) 75 మిల్లీమీటర్లా 100నా, బ్యాటరీ ప్లేట్ ఏ రకం, ఇవన్నీ చెప్పాలి. పాస్‌పోర్టు, డిపాజిట్‌కి క్రెడిట్ కార్డు, ఇన్సూరెన్స్ కాగితం అడుగుతారు. ఈలోగా షెడ్యూల్ మార్చుకోండి. మా చేతి సంచిలో 50 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే ఉంది. ఇంటర్వ్యూలు వెనక్కి జరిపి, మొదటి రోజు చేతుల క్లోజప్పులు, పరిసరాల శబ్దాలు తీశాం. ట్రైపాడ్ బదులు మడిచిన జాకెట్ గోడ మీద పెట్టాం. ఎడిటింగ్‌లో ఎక్కువగా వాడింది ఆ రోజు ఫుటేజే, అదృష్టం అనుకోండి.

ఇక డబ్బు సంగతి. ప్రతి రసీదూ దాచండి. అంతర్జాతీయ ప్రయాణాలకి మాంట్రియల్ ఒప్పందం వర్తించే చోట, సామాను పోయినా ఆలస్యమైనా ఎయిర్‌లైన్ బాధ్యత 1,519 ఎస్‌డీఆర్‌ల వరకే (28 డిసెంబర్ 2024 నుంచి ఈ పరిమితి). ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే యూనిట్. ఈ పరిమితి మనిషికి, పెట్టెకి కాదు. కాబట్టి పెట్టెలన్నీ ఒకరి పేరు మీద చెక్ ఇన్ చేయకండి. మంచి లెన్సు ఒక్కటే ఆ పరిమితి దాటుతుంది కాబట్టి, చెక్ ఇన్‌లో అదనపు రుసుము కట్టి విలువ ప్రకటించే వీలుందేమో అడగండి, లేదా సామాన్లకి విడిగా ఇన్సూరెన్స్ తీసుకోండి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. ఆలస్యంగా వస్తే, చేతికందిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పీఐఆర్ ఉందిగా అని ఊరుకోవద్దు.

ఈసారి సర్దేటప్పుడు లెన్సులన్నీ ఒకే పెట్టెలో పెట్టకండి. కెమెరా బాడీ, ఒక లెన్సు, ఒక మైకు, మెమరీ కార్డులు చేతి సంచిలోకి. విడి లిథియం బ్యాటరీలు ఎలాగూ చేతిలోనే ఉండాలి. సామర్థ్యం 100 వాట్ అవర్లు దాటి 160 వరకు ఉన్నవైతే ఎయిర్‌లైన్ అనుమతితో మనిషికి రెండే.

మా పెట్టె నాలుగో రోజు వచ్చింది. తెచ్చినతను సంతకం అడిగాడు. ముందు తాళం చూసి, అతని ఎదుటే తెరిచి, లిస్టులోని సీరియల్ నంబర్లన్నీ సరిచూశాం. ఒక లెన్సు రింగు కాస్త బిగుసుకుంది. దెబ్బతిన్న సామాను గురించి ఫిర్యాదుకి గడువు 7 రోజులే కాబట్టి, ఆ రాత్రే కూర్చుని రాశాను.