ఇంటి వర్క్‌షాపులో దిగుమతి లేజర్ కట్టర్: బెజవాడ వాతావరణంలో అమర్చుకునే విధానం

చైనా నుంచి తెప్పించుకున్న 40 వాట్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ కట్టర్‌ను విజయవాడలోనో గుంటూరులోనో ఇంట్లో పెట్టుకోదలచినవారు ముందుగా తేల్చుకోవలసినవి రెండే: ఎర్తింగ్, నీరు. డిజైన్లు, సాఫ్ట్‌వేరు ఆ తరువాతి సంగతి.

గది విషయంలో మేడ మీది గదిని, రేకుల షెడ్డును మొదటే పక్కన పెట్టండి. నేల అంతస్తులో, బయటి గోడకు కిటికీ ఉన్న గది మేలు. పెట్టె విప్పేటప్పుడే లేజర్ కిరణం పుట్టే గాజు ట్యూబును రెండు కొసల వరకు దీపం వెలుగులో పరిశీలించి, వెంట్రుకంత పగులు కనిపించినా ఫొటోలు తీసి అమ్మినవారికి పంపండి. పవర్ సప్లై మీద 110, 230 వోల్టుల స్విచ్ ఉంటే అది 230 వైపు ఉందో లేదో కూడా అప్పుడే చూడాలి.

ట్యూబులోని వాయువును రగిలించడానికి పవర్ సప్లై సుమారు 15 వేల నుంచి 20 వేల వోల్టులు పుట్టిస్తుంది కనుక, ఎర్త్ సరిగా లేని యంత్రం మూత మీద చెయ్యి వేయడమంటే ప్రాణంతో చెలగాటమే. యంత్రంతో వచ్చిన ప్లగ్ మన సాకెట్‌కు సరిపోలేదని వదులు అడాప్టరు తగిలించకండి; అలాంటి వాటిలో ఎర్త్ పిన్ను చాలాసార్లు పేరుకే ఉంటుంది. ఆ ప్లగ్‌ను తీసేసి మన మూడు పిన్నుల ప్లగ్ బిగించి, యంత్రం రేకుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య కనెక్షన్ ఉందో లేదో మల్టీమీటరుతో చూడాలి. పాత ఇళ్లలో గోడలోని ఎర్త్ తీగ ఎక్కడా భూమిని తాకకుండా ఆగిపోయి ఉండవచ్చు కాబట్టి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించి, అవసరమైతే పెరట్లో వేరుగా ఎర్త్ గొయ్యి తీయించుకోవడమే నా సలహా. స్విచ్ కట్టేసినా పవర్ సప్లైలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. దాని జోలికి వెళ్లవద్దు.

ట్యూబు చుట్టూ తిరిగే నీరు 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటితే కోత బలం, దానితో పాటు ట్యూబు ఆయుష్షు తగ్గుతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బక్కెట్టు నీరు, చిన్న పంపు ఏ మూలకూ సరిపోవు. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) అనే పేరుతో అమ్ముతున్న సీడబ్ల్యూ-3000 మోడల్‌లో ఉండేది రేడియేటరు, ఫ్యాను మాత్రమే. అది గది వేడికన్నా నీటిని చల్లబరచలేదు. డబ్బు ఎక్కువైనా కంప్రెసర్ ఉన్న సీడబ్ల్యూ-5000 లేదా 5200 తరహాదే కొనండి. అయితే చల్లగా ఉంటే మంచిదని 18 డిగ్రీలకు పెట్టడం ఇక్కడ పొరపాటు. వానాకాలంలో మన గాలిలోని తేమ 25 డిగ్రీల దరిదాపుల్లోనే నీరుగా మారుతుంది కాబట్టి, చల్లని మజ్జిగ గ్లాసుకు పట్టినట్టే ట్యూబుకూ చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ మీదుగా అధిక వోల్టేజి దూకుతుంది. ఏసీ ఉంది కదా అనుకోవడానికీ లేదు, ఎందుకంటే పొగ తోడే ఫ్యాను ఏసీ గాలిని బయటికి నెట్టి, తేమ గాలిని లోపలికి లాగుతుంది. అందుచేత ఆ కాలంలో చిల్లర్‌ను 25 డిగ్రీల దగ్గర ఉంచి, ట్యూబుకు చెమ్మ కనిపిస్తే పని ఆపడం ఉత్తమం. నీరు మాత్రం డిస్టిల్డ్ వాటరే. కుళాయి నీరు, బోరు నీరు వద్దు. నీరు బయటికి వచ్చే గొట్టం ట్యూబుకు పైవైపున ఉంటే గాలి బుడగలు నిలవవు. నీటి ప్రవాహం ఆగితే లేజర్ ఆగిపోయే స్విచ్, మూత తెరిస్తే ఆగిపోయే స్విచ్ లేకపోతే తప్పక పెట్టించండి.

ఈ కిరణం కంటికి కనిపించదు, దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు, దానికి తగిన కళ్లద్దాలు పెట్టుకుని, కిరణాన్ని ట్యూబు నుంచి లెన్స్ దాకా మళ్లించే అద్దాలను సరిచేయాలి. ప్రతి అద్దం ముందు మాస్కింగ్ టేపు అంటించి, తక్కువ శక్తితో ఒక్క క్షణం కిరణాన్ని వదిలి, లెన్స్ ఉండే లేజర్ హెడ్ దగ్గరగా ఉన్నప్పుడూ దూరంగా ఉన్నప్పుడూ మచ్చ ఒకే చోట పడేదాకా మరలు తిప్పుతూ, ట్యూబు వైపు అద్దం నుంచి లెన్స్ వైపు వరుసగా రావాలి. లెన్స్ ఉబ్బెత్తు వైపు పైకి ఉండాలి. పని మొదలుపెట్టాక యంత్రం మీది కరెంటు మీటరులో 15 మిల్లీ ఆంపియర్లు దాటనివ్వకపోతే ట్యూబు ఎక్కువకాలం మన్నుతుంది.

పొగ గొట్టం వీలైనంత పొట్టిగా, పక్కింటి కిటికీ వైపు కాకుండా ఉండాలి. కోత సాగుతున్నంతసేపూ అక్కడినుంచి కదలకూడదు, కార్బన్ డయాక్సైడ్ మంటలార్పే సిలిండరు చేతికి అందేచోట ఉండాలి. అక్రిలిక్, ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) కోయవచ్చు. సైన్‌బోర్డు దుకాణాల్లో దొరికే సన్‌బోర్డు, ఫ్లెక్సు, చాలా రకాల రెక్సిన్ పీవీసీతో చేసినవి. వాటిని కోస్తే వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తులను కాల్చి, యంత్రాన్ని తుప్పు పట్టిస్తుంది. ఏదైనా ముక్క మీద అనుమానం వస్తే, ఆరుబయట రాగి తీగను ఎర్రగా కాల్చి దానికి తాకించి మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే దానిలో క్లోరిన్ ఉండవచ్చు, ఆ ముక్కను కట్టర్‌లో పెట్టవద్దు.