ఇల్లు ఖాళీ చట్టం – 4వ పాఠం: ఆ పదిహేను రోజులు ఎప్పటి నుంచి లెక్క?

పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు ముందు జవాబు చూద్దాం. పదకొండు నెలల అగ్రిమెంటు గడువు తీరిపోయింది. కొత్తది రాసుకోలేదు. ఓనరు మాత్రం నెలనెలా అద్దె తీసుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు నోటీసు లేకుండా ఖాళీ చేయమని దావా వేయవచ్చా?

కుదరదు. గడువు తీరిన రోజుతో వ్యవహారం ఆగి ఉంటే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 111 ప్రకారం ఆ అద్దె హక్కు దానంతట అదే ముగిసేది. తర్వాత కూడా అద్దెదారుగా ఒప్పుకుని అద్దె పుచ్చుకున్నాడు కాబట్టి, సెక్షన్ 116 కింద అది నెలవారీ అద్దె అయింది. నెలవారీ అద్దెను ముగించాలంటే నోటీసు ఇవ్వాల్సిందే. చాలామంది ఉంటున్నది ఇలాంటి అద్దెలోనే గనక ఈ పాఠమంతా నోటీసుకే.

1882 నాటి ఆ చట్టంలోనే సెక్షన్ 106 ఉంది. ఇరుపక్షాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, నివాసపు అద్దెను ఎవరైనా 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. ఓనరే కాదు, అద్దెకున్నవాళ్లూ అంతే. అయితే మీ అగ్రిమెంటులో రెండు నెలల నోటీసు అని రాసుకుని ఉంటే రెండు నెలలే. అందుకే నోటీసు రాసేముందు అగ్రిమెంటు బయటికి తీయండి. ఈ చిన్న పని చేయకుండా నేరుగా నోటీసు పంపేసి, తర్వాత నాలుక కరుచుకున్నవాళ్లను చూశాను.

ఇక అసలు లెక్క. నోటీసు మీద తేదీ జూన్ 3. పోస్టులో వేసింది 4న. అద్దెదారు చేతికి అందింది 9న. పదిహేను రోజులు 3 నుంచా, 4 నుంచా, 9 నుంచా? అందిన రోజు నుంచి. అందిన రోజును పక్కన పెట్టి లెక్కపెట్టండి: 10 ఒకటో రోజు, 24 పదిహేనో రోజు. దావా 25న గానీ ఆ తర్వాత గానీ వేయాలి.

ఇప్పుడు తేలిగ్గా ఉంది గానీ, 2002 చివరిలో వచ్చిన సవరణకు ముందు ఇదే పెద్ద టెన్షన్. నోటీసు గడువు అద్దె నెల ఆఖరి రోజుతో ముగియాలనేది పాత నియమం. ఒక్క రోజు అటూఇటూ అయినా నోటీసు చెల్లదని వాదించేవారు. ఇప్పుడు నోటీసులో గడువు తక్కువ రాసినా, దావా మాత్రం పూర్తి గడువు దాటాక వేస్తే, ఆ ఒక్క కారణంతో నోటీసు చెల్లకుండా పోదు. మన ఉదాహరణలో 'జూన్ 18 కల్లా ఖాళీ చేయండి' అని రాసి ఉన్నా, దావా 25న గానీ ఆ తర్వాత గానీ వేస్తే నోటీసు నిలుస్తుంది. అలాగని తప్పు రాసి చట్టం మీద భారం వేయడం నాకు నచ్చదు. తేదీ రాయకుండా 'ఈ నోటీసు అందిన 15 రోజుల తర్వాత' అని రాస్తే గొడవే లేదు.

ఒక వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. నా దగ్గరికి దిద్దడానికి వచ్చిన ఒక చిత్తుప్రతిలో ఇలా ఉంది: 'మూడు నెలల బకాయి వెంటనే కట్టాలి, లేకపోతే ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది.' చదవడానికి గట్టిగానే ఉంది. కానీ అద్దె ముగిసిందా లేదా? బకాయి కడితే కొనసాగుతుందనేగా దీని అర్థం! ఇది బెదిరింపే తప్ప ముగింపు కాదు. దీన్ని ఇలా మార్చాం: 'ఫలానా డోర్ నంబరు ఇంటి మొదటి అంతస్తులో మీకున్న నెలవారీ అద్దె హక్కును, ఈ నోటీసు మీకు అందిన 15 రోజులు పూర్తయ్యేసరికి ముగిస్తున్నాను. అప్పటికి ఇల్లు ఖాళీ చేసి స్వాధీనం అప్పగించండి.' బకాయి సంగతి విడి పేరాలోకి వెళ్లింది. ముగిస్తున్నాను అనే మాటా, ఏ భాగమో తెలిపే వివరమూ, కింద సంతకమూ ఉండాలి. తిట్లూ పాత కోపాలూ అక్కర్లేదు.

నోటీసు రాతలోనే ఉండాలి, నోటిమాట చెల్లదు. పోస్టులో పంపవచ్చు, చేతికివ్వవచ్చు, ఇంట్లో కుటుంబ సభ్యులకో పనివాళ్లకో ఇవ్వవచ్చు. ఇవేవీ కుదరకపోతే ఇంటికి అందరికీ కనిపించే చోట అతికించవచ్చు. సరైన చిరునామాకు పంపిన కవరు 'తీసుకోలేదు' అని తిరిగొస్తే, అందినట్టే కోర్టు భావిస్తుంది. కవరు తీసుకోకపోతే తప్పించుకోవచ్చనుకోవడం భ్రమ. ఓనరు ఆ కవరును విప్పకుండా దాచాలి.

నోటీసు గడువు దాటాక వచ్చిన అద్దెను తీసుకోవచ్చా? తీసుకున్నంత మాత్రాన నోటీసు రద్దయిపోదని, అద్దె కొనసాగించే ఉద్దేశం ఉందా లేదా అన్నదే ముఖ్యమని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. కానీ గడువు దాటాక అద్దె తీసుకుంటే నోటీసును వదులుకున్నట్టు కావచ్చనే సెక్షన్ 113 ఉండనే ఉంది, అవతలివాళ్లు దాన్ని ఎత్తక మానరు. అందుకని రసీదులో 'నోటీసు హక్కులకు భంగం లేకుండా తీసుకున్నాను' అని రాయడం మంచిది.

ఇప్పుడు మీరే అద్దెకున్నవాళ్లయితే? కవరు మీద అందిన తేదీ వేసుకోండి. అద్దె ఆపకండి, ఓనరు చేతికి తీసుకోకపోతే బ్యాంకు ద్వారా పంపి రుజువు దాచుకోండి. నోటీసు గడువు తీరినంత మాత్రాన మీ సామాను బయట వేసే హక్కు ఎవరికీ రాదు. కోర్టు ఉత్తర్వు లేకుండా తాళం వేసి బయటికి నెడితే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల లోపు దావా వేసి స్వాధీనం తిరిగి అడగవచ్చు. నెట్టింది సొంత ఓనరే అయినా సరే. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. ఆరు నెలలు దాటితే ఈ దారి మూసుకుపోతుంది.

ఇక్కడొక మెలిక. పైన చెప్పినదంతా సివిల్ కోర్టుకు వెళ్లే ఇళ్ల సంగతి. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లు వేరు. అక్కడ ఈ 106 నోటీసు అవసరమే లేదు, ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం 1979లోనే ఆ మాట తేల్చింది. కానీ ఖాళీ చేయించడానికి చట్టంలో రాసిన కారణం చూపించాలి: అద్దె ఎగవేత, అనుమతి లేకుండా వేరేవాళ్లకు ఇవ్వడం, ఓనరుకు నిజంగా సొంత అవసరం, ఇలాంటివి. అద్దె ఎగవేత కావాలని చేసింది కాదని, ఈ చట్టం కింద కేసులు విచారించే రెంట్ కంట్రోలర్‌కు అనిపిస్తే, బకాయి కట్టడానికి 15 రోజులకు మించకుండా గడువిస్తారు. ఆ పదిహేనుకూ మన పదిహేనుకూ సంబంధం లేదు, కలిపేసుకోకండి. అద్దె నియంత్రణ మొత్తం ఐదో పాఠంలో.

అభ్యాసం: అగ్రిమెంటులో ఒక నెల నోటీసు అని ఉంది. ఓనరు ఆగస్టు 5 తేదీతో, '15 రోజుల్లో ఖాళీ చేయండి' అంటూ నోటీసు పంపాడు. 11న అందింది. అద్దెదారు సెప్టెంబరు 2న ఆ నెల అద్దె పంపితే, ఓనరు ఏమీ రాయని మామూలు రసీదు ఇచ్చాడు. 8న దావా వేశాడు. దావా సరైన రోజునే వేశాడా? ఆ రసీదు ఎవరికి పనికొస్తుంది? తేదీలు కాగితం మీద వేసి లెక్కపెట్టండి, మనసులో వద్దు.