వానలకు ముందే చెక్క బస్తా విప్పి చూడండి

మృగశిర కార్తె దగ్గర పడుతోందంటే మహారాష్ట్రలోని మన కిన్వట్, రాజురా పల్లెల్లో బర్రెలున్నవాళ్లు పత్తి చెక్క (పత్తి గింజల నూనె తీశాక మిగిలే పిప్పి) బస్తాలు తెచ్చి కొట్టంలో వేసుకుంటారు. మరాఠీవాళ్లు సర్కీ ఢేప్ అంటారు, అంగట్లో మన నోటికీ అదే వస్తుంది. వానల్లో బండి నడవదని పోళా పండుగ దాటేదాకా సరిపడా ఒకేసారి కొనేస్తారు. నా భయమంతా ఆ నిల్వ గురించే.

తేమ తగిలిన పత్తి చెక్కకు, పల్లి చెక్కకు, మక్కలకు ఆస్పర్జిల్లస్ అనే బూజు పడుతుంది. అందులోంచి పుట్టే, కాలేయాన్ని దెబ్బతీసే విషం అఫ్లటాక్సిన్ బి1. బర్రె తిన్నదాంట్లో కొంత దాని కాలేయంలో అఫ్లటాక్సిన్ ఎం1గా మారి, ఒక్క రోజులోనే పాలల్లోకి దిగుతుంది. కాస్తే పోతుందని చాలామంది నమ్మకం. పోదు. ఎంత మరిగించినా పోదు. పైగా అది పాలల్లోని కేసీన్ అనే మాంసకృత్తిని అంటిపెట్టుకుని ఉంటుంది, అందుకే పాలు విరగ్గొట్టి పనీర్ చేసినా, చీజ్ చేసినా ఆ ముద్దలో చిక్కబడుతుంది. గట్టి చీజ్‌లో పాలకంటే నాలుగైదింతలు ఉండొచ్చు.

కిలో పాలల్లో ఎం1 0.5 మైక్రోగ్రాము దాటకూడదని మన దేశంలో నియమం. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లో బయటపెట్టిన సర్వేలో 6,432 పాల నమూనాలు చూస్తే 5.7 శాతం ఆ హద్దు దాటాయి. ఒక్క గ్లాసు తాగితే ఏదో అయిపోతుందని కాదు. రోజూ పాల మీదే పెరిగే పసిపిల్లల కాలేయం గురించే నా బెంగ.

మా ఇంట్లో ఓ ఏడు ముసురుకు తడిసి మక్కలు బూజు పట్టాయి. పిండికి పనికిరావని పక్కన పెడితే మా పెద్దమ్మ, "గింత దానికే పారేస్తరా బిడ్డా, బర్రె తింటది తియ్" అంది. వారం పాటు దాణాలో కలిపాం. ఆ వారమంతా మా చెల్లెలి బిడ్డ తాగింది ఆ బర్రె పాలే. ఈ సంగతులు తెలిశాక ఆ వారం గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

కాబట్టి కొనేటప్పుడే మూతి విప్పించండి. చెయ్యి మోచేతిదాకా లోపలికి పెట్టండి. నడుమ వెచ్చగా తగిలినా, ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నా, విరిస్తే బూడిద, పచ్చ రంగు పొడి వేళ్లకంటినా, పాత గోనె వాసన కొట్టినా ఆ బస్తా వద్దు. బూజు కంటికి కనబడకపోయినా విషం ఉండొచ్చు. బూజు దులిపి ఎండబెట్టినా లోపలి విషం అలాగే ఉంటుంది. ధర తగ్గించి ఇస్తానన్నా తీసుకోకండి.

రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి. దారి తెగుతుందనుకుంటే ఇద్దరు ముగ్గురు కలిసి బండి మాట్లాడుకోండి. బస్తాలు నేల మీద కాదు, చెక్కబల్లల మీద, గోడకు మూరెడు దూరంగా ఉండాలి. కప్పు కారేచోట అసలు పెట్టొద్దు. తడి చేత్తో చెక్క తీయకండి. నానబెట్టిన చెక్క ఆ పూటే అయిపోవాలి, గోలెం అడుగున మిగిలింది కడిగెయ్యండి. మక్కలు పంటికింద టక్కుమని విరిగేదాకా ఎండాకే నిల్వ చెయ్యండి. వరిగడ్డి, జొన్న సొప్ప నల్లబడి బూజెక్కితే అదీ వద్దు.

అనుమానం వచ్చిందా, ఆ దాణా వెంటనే ఆపి పశువుల డాక్టరుకు చెప్పండి. విషాన్ని పట్టి ఉంచే మందు మట్టి దాణాలో కలపమని ఆయన అంటే ఆయన చెప్పిన కొలతే వెయ్యండి. దాణా మారిస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు చాలామటుకు తేటపడతాయి. ఆ రోజుల పాలు పిల్లలకు పొయ్యొద్దు, వృథాగా పోతున్నాయని కోవా కాచొద్దు, పాల కేంద్రానికీ పంపొద్దు. చెడిన బస్తాను కోళ్లకు కూడా వెయ్యకుండా, ముక్కుకు గుడ్డ కట్టుకుని, బావికి దూరంగా గుంత తవ్వి పూడ్చండి.