బుర్రకి బరువు లేని నవల: ఎంచుకోవడం, చదవడం

కాలక్షేపానికని నవల తెరిచి, నలభై పేజీలు కాగానే పక్కన పడేయడం చాలామందికి అలవాటే. తప్పు ఎక్కువసార్లు ఎంపికలో ఉంటుంది. నవ్వించే నవలలన్నీ తేలికైనవి కావు, హత్య జరిగే నవలలన్నీ బరువైనవీ కావు. తేలిక నవల చదివేవాడికి కావలసింది ఒక భరోసా: ఎన్ని తిప్పలొచ్చినా మనకి నచ్చిన పాత్రలకి సరిదిద్దుకోలేనంత నష్టం జరగదని. ఆ భరోసా ఉంటే మూడో పేజీలో శవం కనపడ్డా హాయిగానే ఉంటుంది. లేకపోతే తప్పిపోయిన పిల్లి కథ కూడా నిద్ర పట్టనివ్వదు.

ముందు అలసట ఏ రకమో చూసుకోవాలి

రోజంతా లెక్కలు, ఫైళ్లు, మెయిళ్లు చూసి కళ్లూ బుర్రా అలిసిపోతే చిక్కుముడి కథ వద్దు. అప్పుడు పనికొచ్చేది గొంతు ఉన్న హాస్య నవల, అంటే చెప్పేవాడి ధోరణే నవ్వించేది. కథ ఎటు పోతోందో గుర్తు లేకపోయినా ఏ పేజీకి ఆ పేజీ నడుస్తుంది. బెంగ, ఆందోళన ఉన్నప్పుడు ముగింపు ముందే తెలిసిన కథ మేలు: సుఖాంతమని గ్యారంటీ ఉన్న ప్రేమకథ, లేదా ఇదివరకు చదివేసిన పుస్తకమే మళ్లీ. ఇలాంటప్పుడు థ్రిల్లర్ పట్టుకుంటే ఉన్న బెంగకి ఇంకో బెంగ తోడవుతుంది. ఉత్త విసుగే అయితే మాత్రం డిటెక్టివ్ నవలో, దొంగతనం పథకం మీద నడిచే కథో సరిగ్గా సరిపోతుంది. బుర్రకి చేతినిండా పని దొరుకుతుంది, దాని ఫలితానికి మనం బాధ్యులం కాదు. జ్వరంలో ఉన్నవాళ్లు అన్నిటికన్నా ముందు చూడాల్సినవి అచ్చు సైజు, పుస్తకం బరువు. పడుకుని ఐదువందల పేజీల పుస్తకాన్ని ఎత్తి పట్టుకోవడం పది నిమిషాలకి మించి అవదు.

అట్టని నమ్మొద్దు, పేజీలు చూడాలి

ముదురు రంగులు, కార్టూన్ బొమ్మలు ఉన్న అట్ట లోపల ఒక్కోసారి చావులు, విడాకులు, ఆసుపత్రి వార్డులు ఉంటాయి. వెనక అట్ట మీది మాటలు అంతకన్నా నిజం చెబుతాయి, చదవడం తెలియాలి అంతే. ‘గుండెని పిండేసే’, ‘కన్నీళ్ల మధ్య నవ్వించే’, ‘ఎన్నటికీ మరవలేని’ అని ఉంటే ఎవరో ఒకరు పోతారు. ‘ఒక కుటుంబంలో మూడు తరాల కథ’ అంటే పేర్లు గుర్తుపెట్టుకోవాలి. ‘అన్నీ తారుమారవుతాయి’, ‘ఇరుక్కుంటాడు’, ‘అనుకోని అతిథి’ లాంటివి కనిపిస్తే ఆశ పెట్టుకోవచ్చు. అవార్డుల జాబితా ఉంటే అదేమీ దోషం కాదు గానీ ఈ పనికి సిఫార్సూ కాదు.

తర్వాత మూడు చోట్ల చూడాలి. మొదటిది మొదటి రెండు పేజీలు. ఎవరు, ఎక్కడ, ఏం తేడా వచ్చింది అన్న మూడూ అక్కడే తేలిపోవాలి. ఉదాహరణకి ఇలా మొదలైందనుకోండి: ‘పెళ్లికి ఇంకా గంటే ఉంది. పెళ్లికొడుకు మాత్రం ఒక స్టేషన్ ముందే రైలు దిగి, ఊరు ఇంత మారిపోయిందేమిటా అని ఆశ్చర్యపోతున్నాడు.’ మనిషి, గడువు, చిక్కు అన్నీ వచ్చేశాయి. పైగా వాడికి చిక్కు సంగతే ఇంకా తెలియదు, మనకి తెలుసు. హాస్యం పుట్టేది ఆ తేడాలోంచే. అదే కథ ఆ ఊరి చరిత్రతో మొదలై, పెళ్లికొడుకు తాతగారి బాల్యం మీదుగా తొమ్మిదో పేజీకి స్టేషన్ చేరితే, రచయితకి తొందర లేదని అర్థం. మనకి ఉండొచ్చు.

అక్కడే పేర్లు కూడా లెక్కపెట్టండి. మొదటి మూడు పేజీల్లో ఐదారుకి మించి పేర్లొస్తే వెనక్కి తిప్పుకుంటూనే ఉండాలి. పేర్లు ఒకే అక్షరంతో మొదలైతే మరీ కష్టం.

రెండోది నడిమధ్య. రెండువందల యాభై పేజీల నవలైతే నూరో పేజీ దగ్గర తెరిచి ఒక్క పేజీ చదవండి. కథ తెలియదు కాబట్టి వాక్యాల బలం ఒక్కటే కనిపిస్తుంది. ‘అన్నాడు, అంది’ లేకుండానే ఎవరు మాట్లాడుతున్నారో పోల్చుకోగలిగితే ఆ రచయిత చెయ్యి తిరిగినవాడు. పేజీ నిండా ఒకే పేరా ఉండి, రెండుమూడు పేజీలు తిప్పినా సంభాషణ కనపడకపోతే ఇది ఈ రాత్రికి కాదు. మూడోది అధ్యాయాల పొడవు. పది పన్నెండు పేజీల అధ్యాయాలు నిద్రకి ముందు చదివేవాళ్లకి అనుకూలం, నలభై పేజీలవి సెలవురోజుకి.

చివరి పేజీ చూడొచ్చా అంటే, డిటెక్టివ్ నవలలో చూడకూడదు, ప్రేమకథలో నిక్షేపంగా చూడొచ్చు. వాళ్లిద్దరూ కలుస్తారని తెలిసే కదా కొన్నాం.

ఈ-బుక్ అయితే ఉచిత శాంపిల్ సాధారణంగా మొదటి పది శాతం దాకా ఉంటుంది. అంకితాలు, ముందుమాట, విషయసూచిక అందులో భాగమే కాబట్టి చిన్న పుస్తకానికి అసలు కథ ఐదారు పేజీలే దక్కొచ్చు. అంతమాత్రం చూసి తీర్పు చెప్పకండి.

రకాన్ని బట్టి జాగ్రత్తలు

హాస్య నవలల్లో రెండు జాతులున్నాయి, వాటిని చదివే పద్ధతి ఒకటి కాదు. గొంతుతో నవ్వించేవి రోజుకి పదిహేను, ఇరవై పేజీలు చాలు. ఒక్క బిగిన వంద పేజీలు లాగించేస్తే చమత్కారం ఎలా తయారవుతోందో కనపడిపోతుంది, నవ్వు రాదు. సంఘటనలతో నవ్వించేవి దీనికి పూర్తిగా ఎదురు. ఒకే ఇంట్లో ముగ్గురు మారుపేర్లతో ఉంటారు, ఒకే రకం సంచులు రెండుంటాయి, అలమరాలో ఒకడు దాక్కుంటాడు. ఈ దారాలన్నీ చివరి మూడో వంతులో ఒకేసారి బిగుసుకుంటాయి. రోజుకి ఐదు పేజీల చొప్పున చదివితే సంచీ ఎవరిదో మర్చిపోతాం, అసలు ఘట్టం వచ్చేసరికి నవ్వాల్సిన చోట లెక్క చూసుకుంటూ కూర్చుంటాం. మొదటి భాగం ఎలా చదివినా, చివరి ఎనభై పేజీలకి మాత్రం రెండు మూడు గంటలు ఖాళీగా ఉంచుకోండి.

అనువాద హాస్యంలో మాటల గారడీ దాదాపు మిగలదు, సంఘటన మిగులుతుంది. కాబట్టి అనువాదమైతే రెండో జాతివే ఎంచుకోండి. పాత హాస్యానికి ఇంకో ఇబ్బంది: ఒకరి యాసమీదా రంగుమీదా ఒళ్లుమీదా వేసిన జోకులు ఈనాటి పాఠకుడికి గుచ్చుకుంటాయి. నడిమి పేజీ పరీక్షలో ఒకటి తగిలిందంటే ముందు ఇంకా ఉంటాయి. అందరూ ఒకేలా పాతబడరు మరి. ఇంగ్లిష్ రచయిత జెరోమ్ కె. జెరోమ్ 1889లో అచ్చేసిన పడవ ప్రయాణం నవల ‘త్రీ మెన్ ఇన్ ఎ బోట్’ ఇప్పటికీ చదివిస్తుందంటే, అందులో ఎక్కువ దెబ్బలు చెప్పేవాడు తన బద్ధకం మీదే వేసుకున్నాడు.

హాయిగా చదివే డిటెక్టివ్ నవలని గుర్తుపట్టడం తేలిక. హత్య తెర వెనక జరుగుతుంది, చచ్చినవాడు ఎవరికీ పెద్దగా ఇష్టం లేనివాడు, అనుమానితులు ఆరేడుగురే, అందరూ ఒకే చోట చిక్కుకుని ఉంటారు. హత్యని హంతకుడి కళ్లతో వర్ణిస్తూ మొదలైతే అది వేరే దుకాణం సరుకు. ఈ రకంలో రచయిత మనతో న్యాయంగా ఆడాలి. డిటెక్టివ్ కథలకని 1929లో ఇంగ్లిష్ రచయిత రోనాల్డ్ నాక్స్ రాసిన పది నియమాల సారం కూడా అదే: అతీంద్రియ శక్తులు వద్దు, డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ వెంటనే చూపించాలి. చదివేవాళ్లు చేయాల్సిందల్లా ఒక చీటీ మీద పేర్లు, వాళ్ల బంధుత్వాలు రాసి పుస్తకంలో పెట్టుకోవడం. అదే బుక్‌మార్క్ కూడా అవుతుంది.

ప్రేమకథలో ముగింపు తెలిసిందే కాబట్టి చూడాల్సింది వాళ్లిద్దరినీ ఏది విడిగా ఉంచుతోందన్నదే. ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థం మీద మూడువందల పేజీలు నడిపితే చిరాకేస్తుంది. ఇద్దరి కోరికలూ నిజంగానే ఒకదానికొకటి అడ్డమైతే, ఉదాహరణకి ఇద్దరికీ ఒకే ఉద్యోగం కావాలనుకోండి, ప్రతి సంభాషణలోనూ పదును ఉంటుంది.

తేలిక ఫాంటసీ ఉంది గానీ వెతుక్కోవాలి. ముందు మ్యాపు, వెనక పదకోశం, అట్టమీద ‘మొదటి భాగం’ మూడూ ఉంటే పరీక్షకి చదివినట్టు చదవాలి.

సీరీస్ అయితే ఎక్కడ మొదలుపెట్టాలి

ఒకటో నంబరుతోనే మొదలెట్టాలన్న పట్టుదల చాలామందిని మంచి సీరీస్‌కి దూరం చేస్తుంది. ఏ పుస్తకానికాపుస్తకం పూర్తయిపోయే సీరీస్‌లో మొదటిది తరచుగా అంత బాగుండదు, రచయితకి అప్పటికింకా చెయ్యి కుదరదు. టెర్రీ ప్రాచెట్ రాసిన హాస్య ఫాంటసీ సీరీస్ డిస్క్‌వరల్డ్‌లో నవలలు 1983 నుంచి 2015 దాకా 41 వచ్చాయి. వాటి అభిమానులే కొత్తవాళ్లకి మొదటి రెండూ వదిలేసి మధ్యలోంచి ఎత్తుకోమని చెబుతుంటారు. అగాథా క్రిస్టీ 66 డిటెక్టివ్ నవలల్లో కూడా దాదాపు ఏదైనా ముందు చదవొచ్చు. ఒక్కటి తప్ప: రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాసి దాచిపెట్టి 1975లో బయటపెట్టిన ‘కర్టెన్’. అది ఆమె సృష్టించిన డిటెక్టివ్ పాయిరో చివరి కేసు, చివర్లోనే చదవాలి. కథ ఒక భాగం నుంచి ఇంకో భాగానికి పాకే సీరీస్‌కి మాత్రం వరస తప్పకూడదు. వెనక అట్ట మీద ‘గత భాగంలో జరిగిన దాని తర్వాత’ అన్న అర్థం వచ్చే మాట ఉంటే ఆ జాతే.

ఒకే రచయితవి వరసగా రెండుకి మించి చదవొద్దు. మూడోదానికి అచ్చు ఎక్కడ పోశారో కనిపిస్తుంది, అంతకుముందు చదివిన రెండింటి రుచీ పోతుంది.

చదివేటప్పుడు

ముందు మీ వేగం తెలుసుకోండి. పది నిమిషాలు టైమర్ పెట్టి మామూలుగా చదవండి, పేజీలు లెక్కపెట్టండి. ఆరు పేజీలైతే రెండువందల యాభై పేజీల నవలకి సుమారు ఏడు గంటలు, పన్నెండు పేజీల అధ్యాయానికి ఇరవై నిమిషాలు. ఈ లెక్క తెలిస్తే పదిన్నరకి అధ్యాయం మొదలెట్టాలా వద్దా అన్నది తేలిపోతుంది.

పడుకునేముందు అధ్యాయం చివర ఆపొద్దు. వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన నవలలకి ఇది మరీ వర్తిస్తుంది. ప్రతి భాగం ‘తలుపు తీసి చూసి కొయ్యబారిపోయింది’ దగ్గరే ఆగుతుంది, మళ్లీ వారం దాకా పాఠకుణ్ణి కట్టిపడేయడానికి. పుస్తకంలో ఆ వారం ఉండదు, పేజీ తిప్పితే చాలు. అందుకే తెల్లారిపోతుంది. తర్వాతి అధ్యాయం మూడు పేజీలు చదివి, తలుపు వెనక ఉన్నది పాలవాడేనని తేలాక, మామూలు మాటల మధ్య మూసేయండి. మర్నాడు ఒక పేజీ వెనక నుంచి అందుకుంటే చాలు.

పేజీలు దాటేయొచ్చు, నామోషీ ఏమీ లేదు. బట్టల వర్ణన, దారి వర్ణన వచ్చినప్పుడు పేరాలో మొదటి వాక్యం, చివరి వాక్యం చదివి సాగిపోండి. సంభాషణ మాత్రం దాటొద్దు. డిటెక్టివ్ నవలలో అయితే దేన్నీ దాటొద్దు. గడియారం ఎంతైంది, కిటికీ ఏ వైపుంది, ఎవరు కాఫీ వద్దన్నారు వంటివన్నీ విసుగు పుట్టించే పేరాల్లోనే దాచిపెడతారు.

ఎక్కడ వదిలేయాలన్న దానికి అమెరికన్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ చెప్పిన లెక్క ఒకటుంది: యాభై ఏళ్ల లోపు వాళ్లు యాభై పేజీలు చూడాలి, యాభై దాటినవాళ్లు వందలోంచి తమ వయసు తీసేయగా మిగిలినన్ని చాలు. అరవై ఎనిమిదేళ్లాయనకి ముప్ఫై రెండు. గంభీరమైన నవలలకి అది న్యాయమే. కాలక్షేపం నవలకి అంత గడువివ్వక్కర్లేదు, పాతికలోపు పట్టుకోవడం దాని పని. తారుమారు కథలకి మాత్రం ఇంకో ఇరవై ఎక్కువివ్వండి, పావులన్నీ పేర్చడానికి వాటికి ఆ చోటు కావాలి.

చదివే ఓపిక కూడా లేనప్పుడు ఆడియోబుక్ ఉంది. ఇంగ్లిషు పుస్తకాలు చదివి వినిపించేవాళ్లు సాధారణంగా నిమిషానికి నూటయాభై పదాల దగ్గర ఉంటారు కాబట్టి ఎనభైవేల పదాల నవల తొమ్మిది గంటలు పడుతుంది. అది చూసి చాలామంది వేగం పెంచేస్తారు. డిటెక్టివ్ కథ ఒకటింపావు వేగంలో పర్వాలేదు. హాస్యానికి అంతకు మించి పెంచితే మాటకీ మాటకీ మధ్య ఉండాల్సిన విరామం పోతుంది, జోకు అర్థమవుతుంది గానీ నవ్వు రాదు. నిద్రకి వినేవాళ్లు ఇరవై నిమిషాల స్లీప్ టైమర్ పెట్టుకుని, ఇదివరకు చదివిన నవలే వేసుకోవాలి. కొత్తదైతే రెండే జరుగుతాయి: కథ కోసం మేలుకునైనా ఉంటారు, లేకపోతే హంతకుడెవరో చెప్పే చోట నిద్రైనా పోతారు.