స్టూడెంట్ బడ్జెట్‌లో వైజాగ్ నుంచి సింగపూర్: నలుగురు కలిసి తక్కువ ఖర్చుతో ఎలా తిరిగి రావాలి?

సింగపూర్ అనగానే ఇంట్లో ముందు వినిపించేది "అమ్మో, ఎంతవుతుందో" అన్న మాటే. ఖరీదైన ఊరే. ఒక సింగపూర్ డాలర్ అంటే మనకు 60 రూపాయల పైమాటే. అయితే అక్కడ డబ్బు నీళ్లలా ఖర్చయ్యేది గది అద్దెలకు, టాక్సీలకు, టికెట్ కొని చూసే ఆకర్షణలకు. తిండి, బస్సు, పార్కులు మాత్రం కాలేజీ పిల్లల జేబుకు అందుబాటులోనే ఉంటాయి. ప్లాన్ అంతా ఈ తేడా మీదే వేసుకోవాలి.

ముందు జట్టు, ఆ తర్వాతే టికెట్లు

నలుగురైతే బాగుంటుంది. ఆరుగురు దాటితే తిండి దగ్గరే గంట పోతుంది. బయల్దేరక ముందే ఒక సాయంత్రం ఆర్కే బీచ్‌లో కూర్చుని, ఎవరు ఎంత పెట్టగలరో మొహమాటం లేకుండా మాట్లాడుకోండి. అందరిలో తక్కువ పెట్టగలిగే వాళ్ల మొత్తమే జట్టు బడ్జెట్ కావాలి. లేకపోతే అక్కడికి వెళ్లాక ఒకరు మొహం చిన్నబుచ్చుకుని వెనక నడుస్తుంటారు, ట్రిప్పు మొత్తం పాడవుతుంది. తలా కొంత వేసి ఉమ్మడి నిధి పెట్టుకోండి, లెక్క ఒక్కరే రాయండి. తిండి, మంచినీళ్లు, ఉమ్మడి టికెట్లు అందులోంచి, షాపింగ్ ఎవరిది వాళ్లదే.

పాస్‌పోర్ట్, వీసా

పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. మనకు సింగపూర్ వీసా తప్పనిసరి. గుర్తింపు పొందిన ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేయాలి. అసలు ఫీజు 30 సింగపూర్ డాలర్లు, దాని మీద ఏజెంట్ చార్జీ ఎంతో ఇద్దరు ముగ్గురిని అడిగి తేల్చుకోండి. వీసా రాకపోయినా ఫీజు వెనక్కి ఇవ్వరు కాబట్టి కాగితాలన్నీ సరిగ్గా పెట్టండి. దీంతోపాటు, అక్కడ దిగే ముందు మూడు రోజుల్లోపు ఎస్‌జీ అరైవల్ కార్డ్ (సింగపూర్‌లోకి వచ్చే వాళ్లు ఇవ్వాల్సిన వివరాల ఫారం) ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. దీనికి డబ్బులడిగే సైట్ కనిపిస్తే వెంటనే మూసేయండి.

విమానం

వైజాగ్ నుంచి సింగపూర్‌కు నేరుగా వెళ్లే విమానంలో ప్రయాణం దాదాపు నాలుగు గంటలు. చెన్నై నుంచి టికెట్ చవగ్గా కనిపించినా అక్కడిదాకా రైలు ఖర్చు, మధ్యలో తిండి, పోయే రోజు కలిపి చూసుకోండి. చాలాసార్లు తేడా ఏమంత మిగలదు. బడ్జెట్ విమానాల్లో చెక్ ఇన్ బ్యాగేజీకి విడిగా కట్టాలి. నాలుగు రోజుల ట్రిప్పుకు ఒక్క చేతిసంచి చాలు. అమ్మ కట్టిచ్చే కందిపొడి, కరివేపాకు పొడి ఫర్వాలేదు కానీ చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం పెట్టుకోకండి. మన దగ్గరి మాంసం పదార్థాలను అక్కడికి తీసుకెళ్లనివ్వరు. చూయింగ్ గమ్, వేప్‌లు (ఈ-సిగరెట్లు) కూడా అంతే.

ఎక్కడ పడుకోవాలి?

లిటిల్ ఇండియా, చైనాటౌన్ ప్రాంతాల్లో స్టూడెంట్లకు సరిపడే డార్మిటరీ హాస్టళ్లు ఉన్నాయి. ఎంఆర్‌టీ (అక్కడి మెట్రో రైలు) స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగేది ఎంచుకోండి. ఎవరో ఇంట్లో గది చవగ్గా ఇస్తామంటే ఒప్పుకోకండి. సింగపూర్‌లో ఇళ్లను ఇలా నాలుగు రోజులకు అద్దెకివ్వడం చట్టవిరుద్ధం, ప్రైవేటు ఇళ్లకైతే కనీసం మూడు నెలలకు ఇవ్వాలి. అక్కడ చదువుకుంటున్న సీనియర్లు ఉంటే వాళ్ల హాస్టల్ గదిలో సర్దుకుంటామని కూడా అడగొద్దు, వాళ్లను ఇబ్బందిలో పెట్టినట్లవుతుంది. దానికి బదులు ఒక పూట మీతో తిరగమనండి. ఊరు తెలిసిన మనిషి పక్కనుంటే వచ్చే లాభం పెద్దది.

తిరగడం

టాక్సీ జోలికి పోకండి. ఎంఆర్‌టీ రైళ్లు, బస్సులు ఊరంతా కలుపుతాయి. చార్జీ కట్టేందుకు ట్యాప్ చేసే ఒక కార్డుతో ఇద్దరు ఎక్కడం కుదరదు, ఎవరి కార్డు వాళ్లకుండాలి. మన బ్యాంకు కార్డు ట్యాప్ చేసినా పనిచేస్తుంది కానీ విదేశీ కార్డు కాబట్టి రోజువారీ అదనపు రుసుము పడుతుంది. బస్సు దిగేటప్పుడు కూడా ట్యాప్ చేయాలి, మర్చిపోతే చివరి స్టాపు దాకా చార్జీ పడుతుంది. రైల్లో ఏదైనా తిన్నా, తాగినా 500 డాలర్ల దాకా జరిమానా ఉంది, మంచినీళ్లకు కూడా మినహాయింపు లేదు.

తిండి విషయంలో పిసినారితనం వద్దు

ఇక్కడ పొదుపు చేయాల్సిన అవసరమే రాదు. హాకర్ సెంటర్లంటే ఒకే కప్పు కింద పదుల కొద్దీ చిన్న చిన్న కొట్లు. ఈ తిండి సంస్కృతిని యునెస్కో 2020లో తన జాబితాలో చేర్చింది. చాలా ప్లేట్లు నాలుగు నుంచి ఆరు డాలర్ల మధ్య వస్తాయి. నలుగురూ నాలుగు కొట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కటి తెచ్చి మధ్యలో పెట్టుకుంటే చికెన్ రైస్, లక్సా, నాసి లెమాక్, రోటీ ప్రాటా అన్నీ ఒకేసారి రుచి చూడొచ్చు. శాకాహారులకు లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్, ఆ చుట్టుపక్కల ఇడ్లీ, దోసె హోటళ్లు ఉన్నాయి.

ఖాళీ టేబుల్ మీద చిన్న టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఆ చోటు ఎవరో పట్టుకున్నట్లే, కూర్చోకండి. మీరూ అలాగే ఒక ప్యాకెట్ పెట్టి వరుసలో నిలబడొచ్చు. తిన్నాక ట్రేను మీరే తీసుకెళ్లి స్టాండులో పెట్టాలి, 2021 నుంచి ఇది తప్పనిసరి. కొన్ని కొట్లలో నగదే తీసుకుంటారు కాబట్టి చిల్లర దగ్గర ఉంచుకోండి. కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు, ఖాళీ సీసా వెంట ఉంటే నీళ్ల ఖర్చే ఉండదు.

టికెట్ లేకుండా చూడాల్సినవి

నా ఉద్దేశంలో సింగపూర్‌లో అన్నిటికంటే బాగుండే సాయంత్రానికి పైసా ఖర్చుండదు. రాఫెల్స్ ప్లేస్ స్టేషన్‌లో దిగి మెర్లయన్ (సింహం తల, చేప ఒళ్లు ఉన్న విగ్రహం) దగ్గర మొదలుపెట్టండి. ఎస్‌ప్లనేడ్ మీదుగా నీటి ఒడ్డునే నడిచి, మెలికలు తిరిగిన ఉక్కు చట్రంలాంటి హెలిక్స్ వంతెన దాటి గార్డెన్స్ బై ద బే చేరండి. 7:45కి, 8:45కి అక్కడి సూపర్ ట్రీలు, అంటే చెట్ల ఆకారంలో కట్టిన కట్టడాలు, పాటకు తగ్గట్టు వెలుగుతాయి. అందులో అన్నిటికంటే ఎత్తైనది 50 మీటర్లు. మెడ నొప్పి పుట్టకుండా చూడాలంటే అందరిలాగే నేల మీద పడుకుని చూడటమే. గాజు గోపురాల్లోని తోటలకు టికెట్ ఉంది, బడ్జెట్ బిగువైతే వదిలేయండి.

పొద్దున్నే బొటానిక్ గార్డెన్స్‌కు వెళ్లండి. ఉదయం 5 గంటలకే తెరుస్తారు, ఆర్కిడ్ తోటకు తప్ప ప్రవేశం ఉచితం. మరో రోజు మౌంట్ ఫేబర్ నుంచి హెండర్సన్ వేవ్స్ వంతెన దాకా నడవండి. రోడ్డుకు 36 మీటర్ల ఎత్తున కెరటంలా వంగిన చెక్క వంతెన అది. కైలాసగిరి మెట్లెక్కిన కాళ్లకు ఆ నడక ఏమంత కష్టం కాదు. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి, కంపాంగ్ గ్లామ్‌లో సుల్తాన్ మసీదు దగ్గర దగ్గరే, రెండూ ఒకే పూటలో అయిపోతాయి. వాన చెప్పకుండా వస్తుంది, సంచిలో గొడుగు ఉండాల్సిందే.

తిరిగి వచ్చే రోజు

విమానానికి నాలుగు గంటల ముందే చాంగీ విమానాశ్రయం చేరితే అక్కడి జ్యువెల్ భవనంలో 40 మీటర్ల జలపాతాన్ని టికెట్ లేకుండా చూడొచ్చు. అక్కడే కూర్చుని లెక్క తేల్చుకుని, నిధిలో మిగిలింది నలుగురూ పంచుకోండి. వైజాగ్‌లో దిగాక చూద్దాంలే అనుకున్న లెక్కలు సెమిస్టర్ అయిపోయినా తేలవు.