క్రాఫ్ట్‌ని చదవడం ఎలా: ఆ రాళ్లగుట్టలో ఇల్లేది, కొట్టమేది?

స్కాట్లండ్ పడమటి తీరానికో, దీవులకో వెళ్లినవాళ్లు కూలిన రాతిగోడ కనిపిస్తే చాలు ఫోటో తీసి "పాత క్రాఫ్ట్" అని పెట్టేస్తారు. నేనూ అదే చేశాను. లూయిస్ దీవిలో ఒక గుండ్రటి రాతి ప్రహరీ ముందు నిలబడి, ఇందులో ఎన్ని తరాలు కాపురం చేశాయో కదా అని తెగ ఫీలైపోయాను, తీరా అది ఉన్ని కత్తిరించే రోజుల్లో గొర్రెల్ని తోలి నిలబెట్టే దొడ్డి అట. ఆ సిగ్గుతోనే కూర్చుని ఇదంతా నేర్చుకున్నాను. మీరు ఆ పొరపాటు చెయ్యకుండా, ఒక క్రాఫ్ట్ ముందు నిలబడితే ఏ రాయి ఏ పనికి పెట్టారో ఎలా పోల్చుకోవాలో చెప్తాను.

అన్నిటికంటే ముందు ఒకటి వదిలించుకోవాలి. క్రాఫ్ట్ అంటే ఇల్లు కాదు, నేల. కౌలుకిచ్చిన చిన్న కమతం అది. దాని మీద ఇల్లు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, ఉంటే దాన్ని క్రాఫ్ట్ హౌస్ అంటారు. 1976 చట్టం వచ్చాక కొనుక్కుని సొంతం చేసుకున్నవాళ్లూ ఉన్నారు. సగటున ఒక్కోటి 5 హెక్టార్ల దాకా ఉంటుంది, అర హెక్టారు కూడా లేనివి ఉన్నాయి, 50 దాటినవీ ఉన్నాయి. స్కాట్లండ్‌లో ఎక్కడపడితే అక్కడ ఇవి దొరకవు. ఆర్గైల్, ఇన్వర్‌నెస్, రాస్ అండ్ క్రోమార్టీ, సదర్లండ్, కేత్‌నెస్, ఆర్క్నీ, షెట్లండ్, ఈ ఏడూ పాత క్రాఫ్టింగ్ కౌంటీలు. కాబట్టి చూపు ఇంటి మీద నుంచి తీసి నేల మీద పెట్టండి, ఇంటి దగ్గరికి తర్వాత వద్దాం.

బయల్దేరే ముందు రోజు రాత్రి ఒక పని చెయ్యండి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వాళ్ల సైట్లో 19వ శతాబ్దం నాటి ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపులు ఉచితంగా ఉన్నాయి, మైలుకి 6 అంగుళాల లెక్కన గీసినవి, పక్కనే ఇప్పటి ఉపగ్రహ చిత్రం పెట్టుకుని చూసుకోవచ్చు. అందులో పైకప్పు ఉన్న కట్టడాల్ని లోపల నింపి చూపిస్తారు, కప్పు లేనివాటికి ఒట్టి గీతలే ఉంటాయి. అంటే సర్వే చేసేనాటికే పాడుబడిన ఇల్లేదో, అప్పటికింకా పొయ్యి వెలుగుతున్న ఇల్లేదో ఇంట్లో కూర్చునే తెలిసిపోతుంది. ఈ అరగంట పని చెయ్యనివాడికి అక్కడికెళ్లాక గోడలన్నీ ఒకేలా కనిపిస్తాయి.

అక్కడికి చేరాక సముద్రానికి వీపు పెట్టి కొండ వైపు చూడండి. చాలా ఊళ్లలో, వాటిని టౌన్‌షిప్ అంటారు, ఒక్కో క్రాఫ్ట్ ఒడ్డు నుంచి పైకి పొడుగ్గా సాగిన పట్టీలా ఉంటుంది, పక్కనే ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. ఇదేమీ అనాదిగా వచ్చిన పద్ధతి కాదు. అంతకుముందు ఊరివాళ్లంతా కలిసి కౌలు చేస్తూ, ముక్కలుగా చెదిరిన చాళ్లని అప్పుడప్పుడు మార్చుకుంటూ దున్నుకునేవాళ్లు, రన్‌రిగ్ అనేవాళ్లు దాన్ని. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో భూస్వాములు ఆ నేలని గీతలు గీసి విడివిడిగా పంచారు. పడమటి తీరంలో చాలాచోట్ల కావాలనే చిన్నగా పంచారు, ఎందుకంటే క్రాఫ్ట్ ఒక్కదాని మీద కడుపు నిండితే ఆ మనిషి సముద్రపు నాచు కాల్చి బూడిద చేసే పనికి రాడు. ఆ బూడిద గాజుకీ సబ్బుకీ పనికొచ్చేది, దొరకి దాంట్లో డబ్బుండేది. ఆ తిన్నటి పట్టీల్ని చూసి ఎంత అందంగా ఉందో అనుకునే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కింద నుంచి పైకి నడవండి. ఒడ్డున నేలలోకి తవ్విన పడవ ఆకారపు గుంట కనిపిస్తే అది చలికాలంలో పడవ లాగి పెట్టుకునే చోటు, ఆర్క్నీ, షెట్లండ్‌లలో దాన్ని నూస్ట్ అంటారు. యూయిస్ట్ లాంటి దీవుల పడమటి ఒడ్డున అయితే గవ్వల పిండి కలిసిన ఇసుక నేల వస్తుంది, మాఖర్ అంటారు, తేలిగ్గా దున్నుకోవచ్చు. దాటి వస్తే సాగు నేల. దాని మీద పక్కపక్కనే పొడుగాటి బోదెలు కనిపిస్తాయి, ముఖ్యంగా పొద్దు వాలినప్పుడు నీడలు పడి స్పష్టంగా తేలతాయి, మిట్టమధ్యాహ్నం చూస్తే ఏమీ కనిపించవు. వాటికి ఇంగ్లీషులో పేరు లేజీ బెడ్స్, సోమరి మళ్లు అన్నమాట. ఆ పేరు పెట్టినవాడు ఒక్క రోజు ఆ పని చేసి ఉండడు! ఒడ్డు నుంచి తడి నాచుని గంపల్లో వీపున మోసుకొచ్చి పరిచి, రెండు పక్కలా మట్టి తవ్వి దాని మీద బోర్లించి, అందులో బంగాళాదుంపలో బార్లీనో వేసేవాళ్లు. గుర్రం, నాగలి తిరగని రాతినేలలో కాళ్లతో తొక్కి తవ్వే వంకర పారలాంటి పనిముట్టు, అక్కడి గేలిక్ భాషలో కాస్ఖ్రోమ్, అదే దిక్కు.

ఇంకా పైకి వెళ్తే అడ్డంగా ఒక పొడవాటి గోడో మట్టికట్టో తగులుతుంది. హెడ్ డైక్ అనే ఈ గీత చాలా ముఖ్యం. కింది వైపు ఎవరి క్రాఫ్ట్ వాళ్లది, పై వైపు ఊరందరి ఉమ్మడి మేత. ఎవరు ఎన్ని ఆవుల్ని, ఎన్ని గొర్రెల్ని తోలొచ్చో వంతు ఉంటుంది, దాన్ని సౌమింగ్ అంటారు. ఈ ఉమ్మడి మేత భూములు ఇప్పటికీ వెయ్యికి పైగా ఉన్నాయి. ఆ పైనే పీట్ కోసే చోటు, పీట్ అంటే చెట్టూచేమా కుళ్లి వేల ఏళ్లుగా పేరుకున్న నల్లటి మట్టి, ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకుంటారు. ఊళ్లోంచి కొండ మీదికి ఎక్కడికీ పోనట్టు పోయి ఆగిపోయే బాట ఉంటే అది పీట్ బాట. ఇంకా దూరాన కొండల్లో చిన్న గుడిసెల గుట్టలు, చుట్టూ పచ్చటి గడ్డి ఉంటే అవి వేసవిలో ఆడవాళ్లూ పిల్లలూ పశువుల్ని తోలుకెళ్లి పాలూ వెన్నా చేసుకునే మకాములు, షీలింగ్స్.

సరే, ఇల్లు. మొదట గోడ మందం చూడండి. ఐదారు అడుగుల మందం ఉండి, మూలలు గుండ్రంగా తిరిగి, లోపల ఒక రాతిగోడ, బయట ఒక రాతిగోడ, మధ్యలో మట్టి నింపి ఉంటే మీ ముందున్నది హెబ్రిడీస్, అంటే పడమటి దీవుల, పద్ధతి బ్లాక్‌హౌస్. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చినదే. దీని కప్పు విషయంలో నేను చాలా రోజులు తికమకపడ్డాను. మామూలుగా ఎవరైనా చూరుని గోడ దాటించి కిందికి దించుతారు కదా, ఇక్కడ కప్పు లోపలి గోడ మీదే ఆగిపోతుంది, వాన నీళ్లు నేరుగా గోడ మధ్యలోకే దిగుతాయి. చూస్తే మేస్త్రీకి పిచ్చా అనిపిస్తుంది. కానీ చూరు బయటికి ఉంటే అట్లాంటిక్ గాలి దాని కింద చొరబడి కప్పు మొత్తాన్ని ఎత్తుకుపోతుంది. పట్టు దొరక్కుండా చేశారన్నమాట. నీళ్లు ఆ మధ్య మట్టిలోంచి మెల్లగా దిగి బయటికి పోతాయి, తడిసిన మట్టి గాలి దూరకుండా అడ్డుపడుతుంది కూడా. గోడ పైన మిగిలిన వెడల్పు మీద గడ్డి మొలుస్తుంది. కప్పు వేసేటప్పుడు ఎక్కడానికి గోడలోంచి మెట్లలా రాళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, వెతకండి, దొరికితే సరదాగా ఉంటుంది.

కప్పు మీద ఉండేది గడ్డిపెళ్లలు, వాటిపైన గడ్డి, దాని మీదుగా వేసిన తాళ్లు, తాళ్ల చివర వేలాడే రాళ్లు. గోడ అడుగున గుప్పిట పట్టనంత రాళ్లు వరసగా పడి ఉంటే గోడ కూలినవి అనుకోకండి, తాళ్లు కుళ్లి జారిన బరువురాళ్లు కావచ్చు. చెట్లు దాదాపు లేని దీవుల్లో వాసాలే బంగారం. సముద్రం ఒడ్డుకి కొట్టిన దుంగల్ని ఏరుకొచ్చి వాడేవాళ్లు, ఇల్లు మారితే రాళ్లు వదిలేసి దూలాలు మోసుకెళ్లేవాళ్లు. భూస్వాములు కౌలుదార్ల చేత ఇళ్లు ఖాళీ చేయించే రోజుల్లో దొర మనుషులు దూలాలు తగలబెట్టేది అందుకే, మళ్లీ వచ్చి కప్పు వేసుకునే దారి లేకుండా.

చిమ్నీ కోసం వెతకొద్దు, ఉండదు. పొయ్యి గది మధ్యలో నేల మీదే ఉంటుంది, పొగ కప్పులోంచే పోతుంది, పోతూ పోతూ గడ్డికి మసి పట్టిస్తుంది. ఆ మసి పట్టిన గడ్డిని తీసి పొలానికి ఎరువు వేసేవాళ్లు, అంటే పొగ కూడా వృథా పోలేదు. గోడలో, ముఖ్యంగా చివరి గోడలో, పొయ్యిగూడూ పైన చిమ్నీ ఉన్నాయంటే కట్టింది తర్వాతి కాలంలో, లేదా పాతింటికి తర్వాత చేసిన మార్పు. కాలం పోల్చుకోవడానికి ఇంతకంటే తేలిక గుర్తు నాకు దొరకలేదు.

మనుషులకీ పశువులకీ వాకిలి ఒకటే. లోపలికి వెళ్లగానే ఒక పక్క కొట్టం, ఇంకో పక్క కాపురం. ఏ పక్క ఏదో తెలియాలంటే వాలు చూడండి. కొట్టం ఎప్పుడూ పల్లంలో ఉంటుంది, మూత్రం ఇంట్లోకి పారకూడదు కదా. నేలలో మధ్యగా రాళ్లు పరిచిన కాలువ ఉంటే అనుమానమే అక్కర్లేదు. చలికాలమంతా పేడ అక్కడే పోగుపడేది, వసంతంలో పొలానికి ఎత్తుకెళ్లేవాళ్లు. ఛీ అనకండి, ఆవుల ఒంటి వేడి ఇంటికి కాపు, పేడ పొలానికి ప్రాణం. వెనక గోడకి ఆనుకుని ఇంకో పొడవాటి గది ఉంటే అది ధాన్యపు కొట్టు. దాన్ని పట్టించేది ఎదురెదురుగా ఉన్న రెండు కంతలు, గాలి ఇటు నుంచి అటు పోతుంటే మధ్యలో నిలబడి తూర్పారబట్టడానికి. ఆర్క్నీ, షెట్లండ్‌లలో అయితే కొట్టు చివర గుండ్రటి గిన్నెలాంటి కట్టడం ఉంటుంది, గింజలు ఆరబెట్టే బట్టీ. అక్కడి తడి గాలికి పంట ఎండ మీద ఆరదు, కింద మంట పెట్టి ఆరబెట్టాల్సిందే.

ఇంటి చుట్టూ చిన్నవి చకచకా చెప్పేస్తాను. వాకిటి దగ్గర ఎత్తు గోడతో చిన్న మడి ఉంటే కేల్ అనే ఆకుకూర పెరడు, ఆ గోడ గొర్రెలకి అడ్డం. షెట్లండ్ కొండల మీద ఒంటరిగా బుల్లి రాతి వలయం కనిపిస్తే అది కూడా కేల్ నారుమడే, ప్లాంటీక్రబ్. వామి వేసే ఆవరణలో రాళ్లతో చేసిన గుండ్రటి అరుగులు. ఇంటి పక్కన పీట్ కుప్ప, ఇటుకలు ఏటవాలుగా పేర్చి ఉంటే ఇప్పటికీ ఎవరో కోస్తున్నారన్నమాట. గోడలే మిగల్లేదా, ముట్టుకుంటే దురద పెట్టే నెటిల్ మొక్కలు గుబురుగా ఉన్నచోటు చూడండి, పేడా బూడిదా ఏళ్ల తరబడి పడ్డచోటే అవి అంత బలిసి పెరుగుతాయి.

ఇదంతా ఒకే అచ్చు కాదు. స్కై దీవిలో కప్పు గోడ మీదుగా బయటికి వస్తుంది. కేత్‌నెస్, ఆర్క్నీలలో పలకల్లా చీలే రాయి దొరుకుతుంది కాబట్టి కేత్‌నెస్‌లో పొలం గట్లకి బండల్నే నిలబెట్టి కంచె చేశారు, ఆర్క్నీలో కప్పు కూడా పలకలతోనే వేశారు. అక్కడ ఇల్లూ కొట్టమూ కొట్టూ ఒకదాని చివర ఒకటి రైలు పెట్టెల్లా సాగుతాయి. ఇంట్లో రెండు గదుల్ని బట్, బెన్ అంటారు, బట్ అంటే వంటా అందరూ కూర్చునే చోటు, బెన్ అంటే కాస్త మర్యాదైన లోపలి గది.

ఇక సున్నం కొట్టి, రెండు చివర్లా చిమ్నీలు, పైన రెండు కిటికీలు పొడుచుకొచ్చిన ఇల్లు ఉందే, పోస్ట్‌కార్డుల మీద క్రాఫ్ట్ అంటే అందరికీ గుర్తొచ్చేది, అది కొత్తది. అంతకుముందు ఇల్లు బాగుచేసుకుంటే కౌలు పెంచేవాళ్లు, లేదా వెళ్లిపొమ్మనేవాళ్లు, ఎవడు కడతాడు మంచి ఇల్లు? 1882లో స్కైలోని బ్రేస్ దగ్గర కౌలుదార్లు పోలీసులతో కలబడ్డారు, 1883లో వాళ్ల కష్టాలు విచారించడానికి నేపియర్ కమిషన్ వేశారు, 1886లో చట్టం వచ్చింది. ఖాళీ చేయించకుండా హక్కు, న్యాయమైన కౌలు, వదిలి వెళ్తే కట్టుకున్నదానికి పరిహారం, పిల్లలకి సంక్రమించే వీలు. ఆ తర్వాతే తెల్ల గోడలూ చిమ్నీలూ ఊళ్లలో పెరిగాయి. గడ్డి పోయి రేకులొచ్చాయి. పాతిల్లు చాలాసార్లు పడగొట్టలేదు, పశువులకి వదిలేశారు. అందుకే తెల్లింటి వెనక రేకుల కప్పు వేసిన మందపాటి గోడల షెడ్డు కనిపిస్తే దాటిపోకండి, ముత్తాతల ఇల్లు అదే అయ్యుండొచ్చు.

నడిచేటప్పుడు, 2003 భూసంస్కరణ చట్టం వల్ల స్కాట్లండ్‌లో నేల మీద తిరిగే హక్కు అందరికీ ఉంది గానీ ఇంటి పెరట్లోకీ, పంట ఉన్న మళ్లలోకీ కాదు. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి. వసంతంలో గొర్రెలు ఈనే రోజుల్లో కుక్కని వెంట తీసుకెళ్లకపోవడమే మంచిది. పాడుబడ్డ గోడల మీద ఎక్కకండి, సున్నం లేని రాళ్లవి, జారతాయి.

ఒక్కటే చూసే టైముంటే నా ఓటు లూయిస్‌లోని ఆర్నాల్ ఊరి 42వ నంబరు ఇంటికి. 1880ల ప్రాంతంలో కట్టింది, 1960ల మధ్య దాకా కాపురం ఉన్నారు, ఇల్లూ కొట్టమూ కొట్టూ అన్నీ కప్పుతో సహా ఉన్నాయి, లోపల పీట్ పొయ్యి రాజేసి ఉంచుతారు. అక్కడే తర్వాతి కాలపు తెల్లిల్లు కూడా చూపిస్తారు, రెండూ వరసగా చూస్తే చిమ్నీ ఎంత మార్చిందో ముక్కుకే తెలుస్తుంది. షెట్లండ్ వెళ్తే డన్‌రాస్‌నెస్ క్రాఫ్ట్ హౌస్ మ్యూజియం, ఆర్క్నీలో కొరిగల్ ఫార్మ్ మ్యూజియం. పాత ఉమ్మడి కౌలు ఊరు ఎలా ఉండేదో చూడాలంటే ఆర్గైల్‌లో ఆఖిన్‌డ్రెయిన్. ఆర్నాల్‌కి మాత్రం మంచి కోటు వేసుకెళ్లకండి, ఆ పొగవాసన రెండు ఉతుకులకి కూడా పోలేదు నాకు.