ఎందులో ఎంత? ఉద్యోగం, ఆదాయం, రవాణా ఛార్టుల మీద చర్చ నడపడం ఎలా

ఛార్టు చేతికి రాగానే అందరి కళ్ళూ గీత మీదికే పోతాయి. ఎక్కిందా, దిగిందా అని. చర్చ అక్కడే మొదలైతే పది నిమిషాల్లో తిట్టేవాళ్ళు ఒక పక్క, మెచ్చుకునేవాళ్ళు ఒక పక్క చేరిపోతారు, ఛార్టు మాత్రం బల్ల మీద అనాథలా పడి ఉంటుంది. డిగ్రీ క్లాసులో అయినా, గ్రూప్స్‌కి చదివేవాళ్ళ స్టడీ హాల్లో అయినా ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ అంకె ఎందులో ఎంత? లవం ఛార్టులో పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. హారం మాత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు.

ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉంటే చర్చ బాగా సాగుతుంది. ఇద్దరికో కాగితం, ఒక స్కేలు, ఒక క్యాలిక్యులేటర్ చాలు. ఒక్కో ఛార్టుకు 25 నిమిషాలు పెట్టుకోండి. మొదటి మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. కొలమానం ఏమిటి, ఏ కాలానికి, ఎవరిని లెక్కపెట్టారు, ఎవరు లెక్కపెట్టారు అనే నాలుగూ ఎవరికి వారు రాసుకోవాలి. ఈ మూడు నిమిషాలు దాటేస్తే తర్వాత పావుగంట వృథా. కాగితం పైభాగం మడిచి శీర్షిక దాచేయడం ఇంకా మంచిది. గీతలూ అంకెలూ చూసి శీర్షిక వాళ్ళనే రాయమనండి, ఆ తర్వాత మడత విప్పండి. రెండింటికీ పొంతన కుదరకపోతే చర్చకు అదే మొదటి అంశం.

కొలమానం దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు మిలియన్లది. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు. ఎవరో ఒకరు సున్నా జారవిడుస్తారు కాబట్టి ముందే బోర్డు మీద రాసి పెట్టండి.

ఉద్యోగాల ఛార్టు

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి, తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే.

జాతీయ గణాంక కార్యాలయం 2017లో మొదలుపెట్టిన పీఎల్ఎఫ్ఎస్ (ఉపాధి, నిరుద్యోగాల మీద ఇంటింటా జరిగే శ్రామిక శక్తి సర్వే) అంకెలు తీసుకుందాం. 15 ఏళ్ళు, ఆపైబడిన వారిలో నిరుద్యోగిత రేటు 2017-18లో 6.0 శాతం, 2023-24లో 3.2 శాతం. ఛార్టులో ఇవి రెండు కడ్డీలు. "నిరుద్యోగం 2.8 శాతం తగ్గింది" అని ఎవరో ఒకరు అంటారు. అక్కడే ఆపాలి. తగ్గింది 2.8 శాతం పాయింట్లు. శాతంలో చెప్పాలంటే 6లో 2.8 పోయింది కాబట్టి తగ్గుదల సుమారు 47 శాతం. రెండూ నిజమే, కానీ ఒకటి చెప్పాలనుకుని ఇంకొకటి చెబితే అబద్ధమవుతుంది.

తర్వాత స్కేలు పట్టుకుని కడ్డీలు కొలవమనండి. నిలువు గీత సున్నా దగ్గర కాకుండా 3 దగ్గర మొదలైందనుకోండి. మొదటి కడ్డీ ఎత్తు 3 పాళ్ళు, రెండోది 0.2 పాలు. కంటికి పదిహేనో వంతుకు పడిపోయినట్టు కనిపిస్తుంది, నిజానికి సగానికి కాస్త పైనే ఉంది. గీతల ఛార్టులో మొదలు సున్నా కాకపోయినా పెద్ద తప్పు కాదు. కడ్డీల ఛార్టులో మాత్రం సున్నా ఉండి తీరాలి, ఎందుకంటే మనం చదివేది కడ్డీ పొడవునే.

ఇప్పుడు హారానికి వద్దాం. నిరుద్యోగిత రేటుకు హారం జనాభా కాదు, శ్రామిక శక్తి. అంటే పని చేస్తున్నవాళ్ళు, పని కోసం వెతుకుతున్నవాళ్ళు లేదా పని దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు. విసిగిపోయి వెతకడం మానేసి, ఇక పనే వద్దనుకున్న మనిషి నిరుద్యోగి కాడు, అసలు లెక్కలోకే రాడు. అందుకే వందమందిని నిలబెట్టి లెక్క కట్టండి. 2017-18లో వందకు 49.8 మంది శ్రామిక శక్తిలో ఉన్నారు, 46.8 మంది పనిలో ఉన్నారు. మిగిలింది 3.0. 2023-24లో అవే అంకెలు 60.1, 58.2, అంటే మిగిలింది 1.9. నిరుద్యోగులు వందకు 3.0 నుంచి 1.9కి వచ్చారు. రేటు దాదాపు సగానికి దిగింది గానీ మనుషుల లెక్కలో తగ్గుదల మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. మిగతా తగ్గుదల హారం పెరగడం వల్ల వచ్చింది. హారం ఎందుకు పెరిగింది? ఎక్కువగా ఆడవాళ్ళ వల్ల. వందమంది ఆడవాళ్ళలో శ్రామిక శక్తిలో ఉన్నవాళ్ళు ఈ ఆరేళ్ళలో 23.3 నుంచి 41.7కు చేరారు.

వాళ్ళు ఏ పనిలో చేరారు అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి పై-ఛార్టు (ముక్కలుగా కోసిన గుండ్రటి ఛార్టు) తీయాలి. పనిలో ఉన్నవాళ్ళలో స్వయం ఉపాధి వాటా 52.2 నుంచి 58.4 శాతానికి పెరిగింది. నెల జీతంవాళ్ళ వాటా 22.8 నుంచి 21.7కు తగ్గింది. "అయితే జీతం ఉద్యోగాలు తగ్గాయన్నమాట" అంటారు. క్యాలిక్యులేటర్ ఇవ్వండి. 46.8లో 22.8 శాతం అంటే సుమారు 10.7. 58.2లో 21.7 శాతం అంటే సుమారు 12.6. వందమంది పెద్దవాళ్ళలో జీతగాళ్ళు పెరిగారు, పై-ఛార్టులో ముక్క మాత్రం సన్నబడింది. గారె పెద్దదైతే సన్నటి తునకలో కూడా ఎక్కువ పిండి ఉంటుంది. పక్కపక్కన పెట్టిన రెండు పై-ఛార్టులు మొత్తాలను దాచేస్తాయి కాబట్టి ఒక్కోదాని కింద మొత్తం ఎంతో రాయించకుండా ముందుకు పోవద్దు.

ఇంకో మాట. ఇంటి కొట్లో జీతం లేకుండా కూర్చునే కోడలు కూడా ఈ సర్వేలో ఉపాధిలో ఉన్నట్టే లెక్క, ఆమెను స్వయం ఉపాధి కింద వేస్తారు. ఇది తెలియకుండా 58.4 మీద వాదించుకోవడం గాలిలో కత్తి తిప్పడమే.

కాలం దగ్గరా జాగ్రత్త. పైన చెప్పిన 3.2 గడిచిన 365 రోజుల ఆధారంగా వచ్చింది. అదే 2023-24కి గడిచిన ఏడు రోజుల ఆధారంగా చూస్తే 4.9. వారంలో ఒక్కరోజు ఒక్క గంట పనిచేసినా ఆ లెక్కలో ఉపాధి ఉన్నట్టే, అయినా రేటు ఎక్కువే వస్తుంది. ఏడాదిలో ఎప్పుడో పని దొరికిన మనిషికి ఈ వారం దొరక్కపోవచ్చు గదా. 2025 ఏప్రిల్ నుంచి నెలనెలా అంకెలు వస్తున్నాయి, ఆ మొదటి నెల అంకె 5.1. అది వారం లెక్క. దాన్ని తీసుకెళ్ళి పాత 3.2 పక్కన పెట్టి "నిరుద్యోగం ఎగబాకింది" అని ఛార్టు గీస్తే బత్తాయిని బూడిదగుమ్మడితో తూచినట్టే.

పోటీ పరీక్షలవాళ్ళకు దగ్గరి ఉదాహరణ కావాలంటే 2024 తెలంగాణ గ్రూప్-1 ఉంది. 563 పోస్టులు, దరఖాస్తులు సుమారు 4.03 లక్షలు, పోస్టుకు 716. ప్రిలిమ్స్ రాసినవాళ్ళు సుమారు 3.02 లక్షలు, పోస్టుకు 536. ఏ అంకె పెట్టి భయపెడుతున్నారో అడగండి. నాలుగైదు నోటిఫికేషన్ల దరఖాస్తులు కూడేసి "ఇన్ని లక్షలమంది నిరుద్యోగులు" అని చూపించే ఛార్టుల్లో ఒకే అభ్యర్థి ఐదుసార్లు కనిపిస్తాడు. పైగా వాళ్ళలో ఉద్యోగం చేస్తూ రాసేవాళ్ళూ ఉంటారు.

ఇంటి ఆదాయం ఛార్టు

ఇక్కడ మొదటి పని "ఆదాయం" అన్న మాట నిజంగా ఆదాయమేనా అని చూడటం. ఎక్కువగా కనిపించేవి గృహ వినియోగ వ్యయ సర్వే అంకెలు, అవి ఖర్చు. పైగా ఇంటికి కాదు, మనిషికి, నెలకు. 2023-24లో దేశం మొత్తం మీద పల్లెల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996. తెలంగాణలో 5,435, 8,978. ఆంధ్రప్రదేశ్‌లో 5,327, 7,182. తెలంగాణ పల్లెలో నలుగురున్న ఇంటికి ఇది నెలకు 21,740 రూపాయల ఖర్చు. "ఇంటికి నెలకు 5,435తో ఎలా బతుకుతారు" అని ఎవరైనా అంటే వాళ్ళు హారం చూడలేదన్నమాట.

తలసరి ఆదాయం ఇంకో గోతి. తెలంగాణ తలసరి ఆదాయం ఏడాదికి మూడు లక్షలు దాటింది కాబట్టి నలుగురున్న ఇంట్లో పన్నెండు లక్షలు ఉండాలని ఎవరైనా గుణిస్తే, రాష్ట్రంలో జరిగిన ఉత్పత్తి మొత్తాన్ని జనాభాతో భాగించిన అంకె అది అని చెప్పండి. కంపెనీల లాభాలు కూడా అందులో ఉంటాయి, అవి ఎవరింటి బియ్యం డబ్బాలోకీ రావు.

తేడా చెప్పేటప్పుడు రూపాయల్లో ఒకసారి, నిష్పత్తిలో ఒకసారి చెప్పించండి. 2011-12లో దేశంలో పల్లె ఖర్చు 1,430, పట్నం ఖర్చు 2,630. తేడా 1,200 రూపాయలు, పల్లె మీద పట్నం 84 శాతం ఎక్కువ. 2023-24కి తేడా 2,874 రూపాయలైంది, శాతం మాత్రం 70కి దిగింది. అంతరం పెరిగిందా, తగ్గిందా? సగం మందిని ఒక వైపు, సగం మందిని ఇంకో వైపు వాదించమంటే ఇది మంచి ఆట. పది నిమిషాలయ్యాక మూడో అంకె బయటపెట్టండి: ధరల పెరుగుదల తీసేసి 2011-12 ధరల్లో చూస్తే 2023-24 ఖర్చులు 2,079, 3,632. తేడా 1,553. అంటే రూపాయల తేడా పెరగడంలో పెద్ద భాగం ధరలదే, అలాగని అంతా ధరలదీ కాదు.

సగటు గురించి బోర్డు మీద ఒక్క ఉదాహరణ చాలు. అయిదు ఇళ్ళ ఆదాయాలు వేలల్లో 12, 14, 15, 18, 91 అని ఊహించుకోండి. సగటు 30 వేలు, నడిమి ఇల్లు 15 వేలు. అయిదింట నాలుగు ఇళ్ళు సగటుకు చాలా దిగువనే ఉన్నాయి. ఛార్టులో ఉన్నది సగటా, నడిమి విలువా అని ఇక ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు.

రవాణా ఛార్టు

రవాణాలో లెక్కపెట్టేది మనుషులనా, ప్రయాణాలనా, బళ్ళనా అన్నదే ప్రశ్న. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద ఆడవాళ్ళు జీరో టికెట్‌తో ప్రయాణిస్తున్నారు, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న మొదలైంది. ఛార్టులో వచ్చే కోట్ల అంకె జీరో టికెట్లది. ఇబ్రహీంపట్నం నుంచి కోఠి వచ్చి అక్కడ ఇంకో బస్సెక్కి పనికి పోయే ఆమెకు రానూపోనూ రోజుకు నాలుగు టికెట్లు. నెలకు 25 రోజులైతే వంద. వంద టికెట్లు, ఒక్క మనిషి. అదే మనిషి మెట్రోలో మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి పోతూ అమీర్‌పేటలో రైలు మారినా టికెట్ ఒకటే. కాబట్టి బస్సు కడ్డీనీ మెట్రో కడ్డీనీ పక్కన పెట్టి ఎత్తులు పోల్చే ముందు రెంటికీ లెక్క ఒక్కటేనా అని చూడాలి. ఉచితం మొదలైన నెల దగ్గర గీత నిటారుగా లేస్తే అందులో కొత్త ప్రయాణాలెన్ని, ఇంతకుముందు డబ్బిచ్చి వెళ్ళినవి ఎన్ని అన్నది ఆ గీత విడదీసి చెప్పదు.

ఆర్టీసీ ఛార్టుల్లో ఓఆర్ (బస్సు ఎంత శాతం నిండిందో చెప్పే అంకె) వంద దాటి కనిపిస్తే అచ్చుతప్పు అనుకోవద్దు. హారం సీట్లు, నిలబడ్డవాళ్ళు లవంలో ఉన్నారు.

బళ్ళ రిజిస్ట్రేషన్ ఛార్టులో రెండు చూడండి. ఆ ఏడు కొత్తగా నమోదైనవా, మొదటినుంచీ కూడుకుంటూ వచ్చిన మొత్తమా? కూడిన మొత్తంలో ఎప్పుడో తుక్కు కింద పోయిన స్కూటర్ కూడా ఉండొచ్చు కాబట్టి ఆ గీత ఎక్కడమే గానీ దిగడం అరుదు. రెండోది, దేశం మొత్తం అని రాసినా వాహన్ పోర్టల్ నుంచి తీసిన ఛార్టుల్లో చాలా ఏళ్ళు తెలంగాణ లేదు. అడుగున "తెలంగాణ మినహా" అని ఒక్క ముక్క ఉంటుంది. హైదరాబాద్‌లో కూర్చుని ఆ ఛార్టు మీద గంటసేపు మాట్లాడి చివర్లో అది చదివితే నవ్వే మిగులుతుంది.

మాట ఎలా నడపాలి

ప్రతి ఒక్కరూ మూడు వాక్యాల్లో మొదలుపెట్టాలి: ఎవరిలో ఏది కొలిచారు, ఎంత మారింది, ఈ ఛార్టు ఏది చెప్పలేదు. ఉదాహరణకు: "2023-24లో తెలంగాణ పల్లె మనిషి నెల ఖర్చు సగటున 5,435 రూపాయలు, పట్నంలో 8,978. పట్నం 65 శాతం ఎక్కువ, ఆంధ్రప్రదేశ్‌లో ఈ తేడా 35 శాతమే. హైదరాబాద్ వల్లనేనా అన్నది ఈ ఛార్టులో లేదు." మూడో వాక్యం దగ్గర తడబడితే తొందరపెట్టకండి, అసలు పని జరుగుతున్నది అక్కడే.

"ఎందుకు" అన్న ప్రశ్నను చివరి అయిదు నిమిషాల దాకా ఆపండి. చెప్పిన ప్రతి కారణానికీ "దీన్ని తేల్చాలంటే ఇంకే ఛార్టు కావాలి?" అని అడిగి, ఆ ఛార్టు పేరే బోర్డు మీద రాయండి. "మా ఊళ్ళో ఇలా లేదండీ" అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళ నోరు మూయించొద్దు. రాష్ట్ర సగటులో వాళ్ళ ఊరు కనపడకపోవడంలో వింతేమీ లేదు. ఆ ఊళ్ళో ఎవరిని లెక్కపెట్టాలో, ఏమడగాలో వాళ్ళచేతే రాయించండి.

అయిపోయాక కాగితం వెనక తేదీ, హారం, కాలం రాసి దాచుకోండి. వచ్చే ఏడు కొత్త అంకె రాగానే ఈ మూడూ కలుస్తున్నాయో లేదో ముందు చూడాలి. పీఎల్ఎఫ్ఎస్ ఏడాది ఇంతకాలం జులై నుంచి జూన్ దాకా ఉండేది, 2025 నుంచి జనవరి–డిసెంబర్ అయింది. పాత గీతకు కొత్త చుక్క కలిపేటప్పుడు ఆ జాగాలో గీతను తెంచి, కింద ఎందుకు తెంచారో ఒక ముక్క రాయండి.